మెట్లెక్కని ఫ్రిజ్

మహిపాల్‌ను ఎవరైనా ఏదైనా అడిగితే ముందు తలూపుతాడు, తర్వాత వింటాడు. చిల్కానగర్‌లో వాళ్లుండే సందులో అందరికీ తెలిసిన సంగతే ఇది. కిరాణాకొట్టు భూషణం పురుగు పట్టిన కందిపప్పు అంటగట్టినా తలూపి సంచీలో వేసుకొస్తాడు. భార్య దుర్గాభవాని ఆ పప్పు చాటలో పోసి చూసి, "నోరు ఏడ వెట్టొచ్చినవయ్యా?" అంటే దానికీ తలూపుతాడు. మంచివాడే, కాదనలేం. కానీ మంచితనం ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, ఈయనది ఆగదు.

జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్లికి ముందే పట్నం వచ్చి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుసీసాల మూతలు చేసే కంపెనీలో చేరాడు. మెషీన్ దగ్గర నిలబడి వంకరపోయిన మూతల్ని ఏరి పక్కన పడేయడం ఆయన పని. అక్కడ మాత్రం భలే కచ్చితం. మూతలు ఎదురు మాట్లాడవు గనుక వాటి దగ్గర ఆయనకు మొహమాటం లేదు.

ఇలాంటి మనిషి నెత్తిన తల్లి జబ్బు వచ్చి పడింది. సాలమ్మకు నాలుక పక్కన లేచిన పుండు ఎంతకీ మానకపోతే పెద్ద దవాఖానాకు తీసుకెళ్లారు. క్యాన్సర్ అన్నారు. అప్పుడు వాళ్లుంటున్నది నాచారంలో. ఆ ఇంటి ఓనరు కేకలేసే మనిషేం కాదు. మహిపాల్‌ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి చెప్పాడు.

"తమ్మీ, మీ అవ్వకు రేపేమన్న అయితే, అది చెడ్డ నక్షత్రంల అయితే, ఇల్లు నెలల కొద్ది తాళం ఏసి పెట్టాలె. ధనిష్ఠ పంచకం అంటరు, తెలుసు గద? నేను కిరాయి మీదనే బతికేటోణ్ణి. జర అర్థం జేసుకో."

మహిపాల్ అర్థం చేసుకున్నాడు. తల్లి బతికుండగానే ఆమె చావు నక్షత్రం గురించి మాట్లాడుతుంటే ఏ కొడుక్కైనా ఒళ్లు మండాలి. ఈయన తలూపాడు, అంతే. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశాడు.

చిల్కానగర్‌లో పై పోర్షన్ దొరికినప్పుడు దుర్గాభవాని ముందే చెప్పింది. "ఈడ గూడ నిజం జెప్పి బజార్ల పడదామా? అత్తమ్మకు దవడపన్ను నొస్తుందని చెప్పు. మందులు వాడుతున్నమని చెప్పు." మహిపాల్ అలాగే చెప్పాడు. సాలమ్మ మెడ మీద దవాఖానాలో కరెంటు పెట్టిన, అంటే రేడియేషన్ ఇచ్చిన చోట చర్మం కమిలి నల్లబడితే కొంగు కప్పుకునేది. ఆమెకూ తెలుసు, తన నోటి పుండు సంగతి కింద వాళ్లకు తెలిస్తే మళ్లీ మూటాముల్లే సర్దాలని.

కింద ఉండేది ఇంటివాళ్లు, విశ్వనాథం, సుశీలమ్మ దంపతులు. కాకినాడ వైపు వాళ్లు. ఆయన హబ్సిగూడలో సర్కారు ల్యాబులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. నెమ్మదైన మనుషులు, పూజలూ మడీ ఉన్న ఇల్లు. మధ్యాహ్నం భోంచేసి తలుపు గడియ పెట్టుకున్నారంటే సాయంత్రం దీపాల వేళ దాకా ఆ తలుపు ఎవరికీ తెరుచుకోదు.

దవాఖానాలో కరెంటు పెట్టడం మొదలైన కొన్నాళ్లకు సాలమ్మ నోరంతా పూసింది. మెతుకు మింగలేదు, మాట పెగలదు. మధ్యాహ్నం ఎండ ముదిరే వేళకు మంట ఎక్కువయ్యి, చాప మీద అటూ ఇటూ దొర్లుతుంది. డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. నోట్లో చిన్న చిన్న ఐసుముక్కలు పెట్టుకుంటే మంట నిమ్మళిస్తుంది, నాలుగు గుక్కలు లోపలికి పోతాయి. కానీ బయటి ఐసు ముట్టకూడదు. కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లో చేసుకున్నదే పెట్టాలి, లేదంటే పుండ్లు చీము పడతాయి. అలా, ఇంటిల్లిపాదీ కుండ నీళ్లతో బతికిన వాళ్లకు ఫ్రిజ్ కావలసి వచ్చింది.

ఉప్పల్ రింగురోడ్డు మీది షాపుకు మొగుడూ పెళ్లాలు కలిసే వెళ్లారు. దుర్గాభవాని నేరుగా ఒంటి తలుపు చిన్న ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి వేసింది.

"గిది చాలు. మనకు గావల్సింది ఐసే నాయె."

షాపతను నవ్వాడు. "ఐస్ కోసమే అయితే డబల్ డోరే తీస్కోవాలె అక్కా. సింగిల్ డోర్ల కరెంటు వోతే ఐసు కరిగిపోతది, మీద మంచు గడ్డ కడ్తది, దాన్ని మళ్ల కరగబెట్టాలె. దీంట్ల ఫ్రీజర్ అలగ్, దాని తలుపు దానికే. కరెంటు వోయినా గంటల కొద్ది ఐసు ఐస్ లెక్కనే ఉంటది."

అది రెండు వేల పన్నెండు ఎండాకాలం. రోజూ పొద్దున కరెంటు కోత. షాపతను చెప్పింది అబద్ధమేం కాదు. తల్లి నోరు చల్లబడాలంటే ఐసు నిలవాలి, ఐసు నిలవాలంటే పెద్దది కావాలి. మహిపాల్ తలూపాడు. ముందురోజే టేపు పట్టుకుని పైన వంటింటి మూల కొలిచాడు, గుమ్మం కొలిచాడు, ప్లగ్గు ఎంత దూరమో చూసుకున్నాడు. అన్నీ సరిపోయాయి. మెట్లు కొలవాలన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు.

ఆ మెట్లదో కథ. ఇల్లు సగం లేచాక వాస్తు సిద్ధాంతి ఎవరో వచ్చి, మెట్లు కుడిచేతి వైపు తిరగాలని పట్టుబట్టాడట. విశ్వనాథం ఆ మాట కాదనలేక, ఉన్న జాగాలోనే మెట్లను మడిచి కట్టించాడు. మనిషి ఎక్కొచ్చు, బిందె ఎక్కొచ్చు. ఫ్రిజ్ మాత్రం మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. షాపు నుంచి వచ్చిన కనకరాజు, అతని జతగాడు నిలబెట్టి చూశారు, వంచి చూశారు, దిగి మళ్లీ వెనక్కి తిప్పి చూశారు. పైన బీము తగులుతోంది, పక్కన గోడ గీసుకుంటోంది.

"పూరా పండవెట్టినా తిరగదన్నా," అన్నాడు కనకరాజు చెమట తుడుచుకుంటూ. "బాల్కనీ నుంచి తాడు గట్టి గుంజుదామంటే అగో, కరెంటు తీగలు చేతికందుతున్నయి. నావల్ల గాదు."

షాపుకు ఫోన్ చేస్తే, డబ్బా విప్పాక వాపసు లేదన్నారు. చిన్నది స్టాక్ వచ్చాక మారుస్తామన్నారు. ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశారు. ఫ్రిజ్ వీధి గుమ్మంలో ఎండకు నిలబడి ఉంటే, దాని పక్కన మహిపాల్ నిలబడి ఉన్నాడు. ఇద్దర్లో ఎవరు ఎక్కువ బిక్కమొహం వేశారో చెప్పడం కష్టం.

విశ్వనాథమే బయటికొచ్చి చూసి జాలిపడ్డాడు. "మా హాల్లో పెట్టెయ్యవయ్యా. మా పాతది మొన్నే మూలపడింది. దీనికో మార్గం దొరికేదాకా ఇక్కడే ఉంటుంది, ఏం పోయింది? కరెంటు మా మీటరు మీదే కాలనివ్వు. మేమూ చల్లటి నీళ్లు తాగుతాం, దానికీ దీనికీ చెల్లు."

సుశీలమ్మ ఫ్రిజ్‌కు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టించింది. తర్వాత మెత్తగానే ఒక మాట అంది. "దేవుడి గది ఎదురుగా ఉంది బాబూ. నీచు మాత్రం పెట్టకండేం."

"గుడ్లు గూడనా అమ్మా?" అని దుర్గాభవాని అడిగింది. రోజూ గుడ్డు గిలక్కొట్టి పాలల్లో కలిపి తాగించమని డాక్టరమ్మ చెప్పింది మరి.

"గుడ్డు నీచు కాదా అమ్మా?" అంది సుశీలమ్మ.

మహిపాల్ తలూపేశాడు. దుర్గాభవాని ఆ పూట అతనితో మాట్లాడలేదు.

అయినా ఆ మర్నాటి సంగతి చెప్పాలి. తెల్లారగానే మహిపాల్ కిందికెళ్లి గిన్నెలో ఐసు తెచ్చాడు. దుర్గాభవాని ఒక ముక్కను గుడ్డలో చుట్టి చితక్కొట్టి, పలుకు తీసి అత్త నోట్లో పెట్టింది. సాలమ్మ కళ్లు మూసుకుంది. మొహంలో ముడతలు ఒక్కొక్కటే సడలాయి. చాలా సేపటికి నాలుక కూడదీసుకుని, "సల్లగున్నది బిడ్డా," అంది. వారం తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. మహిపాల్ బాల్కనీలోకి వెళ్లి ఏడ్చాడు. ఫ్రిజ్ మెట్లెక్కకపోతే ఏం, ఐసు మెట్లెక్కుతోంది కదా అనుకున్నాడు.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. సాలమ్మను పొద్దున్నే దవాఖానాకు తీసుకెళ్లాలి. తెల్లారి తీసుకున్న ఐసు వెళ్లే బస్సులో, అక్కడి వరుసలోనే అయిపోయేది. ఎండన పడి తిరిగొచ్చేసరికి కింద తలుపు గడియ పడి ఉండేది. మంట అసలు పెరిగేది అప్పుడు. సాయంత్రం దీపాలు పెట్టాక తలుపు తెరిస్తే, దుర్గాభవాని ఆత్రంగా వెళ్లి ట్రే తీసేది. అందులో నీళ్లు. మర్నాడు చూస్తే మళ్లీ నీళ్లు. ఫ్రిజ్ మాత్రం లోపల లైటు వెలుగుతూ, గుర్రుమంటూ ఆడుతూనే ఉండేది.

మహిపాల్‌కు ఏం చేయాలో తోచలేదు. కంపెనీలో తలా ఒక సలహా చెప్పారు. గోడకు ఆనించావేమో, జానెడు జరుపు అన్నాడొకడు. జరిపాడు. తలుపు రబ్బరు పట్టులేదేమో, మధ్యలో కాగితం పెట్టి లాగి చూడమన్నాడు ఇంకొకడు. కాగితం చిరిగిందే తప్ప జారలేదు. స్టెబిలైజరు వేయించాడు. లోపలి మీట తిప్పి ఎక్కువలో పెట్టాడు. సుశీలమ్మ పెరుగు గిన్నెలు, మల్లెపూల పొట్లాలు, కొత్తిమీర, నానబెట్టిన మినప్పప్పు గాలికి అడ్డమేమోనని దుర్గాభవానికి అనుమానం. "జర సర్దమని చెప్పరాదూ?" అంది. ఎలా చెప్తాడు? వాళ్ల హాలు, వాళ్ల మీటరు.

చివరికి కంపెనీ మెకానిక్ ఉమామహేశ్వర్ వచ్చాడు. పొద్దున పూట వచ్చాడు. వెనకాల మూత విప్పాడు, మోటారు మీద చెవి పెట్టాడు, ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టి తడి చేత్తో మంచును ముట్టుకున్నాడు. ట్రేలో ఐసు రాయిలా ఉంది.

"గ్యాస్ మంచిగున్నది, మోటార్ మంచిగున్నది. దీనికేం రోగం లేదన్నా. ఐసు గట్టిగ అయితున్నది గద?"

"సాయంత్రం వరకు నీళ్లయితుందన్నా," అన్నాడు మహిపాల్.

"మాటిమాటికి తలుపు తెరుస్తున్నట్టున్నరు," అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు ఉమామహేశ్వర్. ఆ మాటకు సుశీలమ్మ నొచ్చుకుంది. "మేము మధ్యాహ్నమంతా అసలు ముట్టుకోనే ముట్టుకోం బాబూ," అంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు.

ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే పెట్టిన రోజు మహిపాల్ ఇంట్లోనే ఉన్నాడు. దవాఖానా నుంచి తల్లిని తెచ్చి పడుకోబెట్టాడు. భోజనాల వేళ దాటాక సాలమ్మకు మంట మొదలైంది. ఆమె అరవలేదు, అరవడానికి నోరు తెరిస్తే ఇంకా మంట. పిడికిట్లో చాప అంచు పట్టుకుని, కాళ్లు నేలకేసి రాస్తోంది. కొడుకు మొహంలోకి చూస్తూ చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తోంది. ఐసు. దుర్గాభవాని తలుపు వైపు చూపించింది. "పోతవా, నన్ను పొమ్మంటవా?"

మహిపాల్ మెట్లు దిగాడు. గడియ వేసిన తలుపు ముందు నిలబడ్డాడు. బెల్లు మీద వేలు పెట్టి తీసేశాడు. పెద్దవాళ్లు, నిద్రలో ఉంటారు. తిరిగి రెండు మెట్లు ఎక్కాడు. పైనుంచి తల్లి మూలుగు వినపడింది. అప్పుడు ఆ మనిషికి ఏమైందో ఏమో, వెనక్కి తిరిగి అరచేత్తో తలుపు దబదబా బాదాడు. ఆ సందులో కాపురం పెట్టాక అతను చేసిన మొదటి చప్పుడు అదే అయ్యుంటుంది.

సుశీలమ్మ కంగారుపడుతూ తీసింది. వెనకాల విశ్వనాథం, కళ్లజోడు లేకుండా. మహిపాల్ ఏమీ చెప్పకుండా నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి తలుపు లాగాడు. లోపల చీకటి. ట్రే తీస్తే నీళ్లు చేతి మీద ఒలికాయి. గోడకున్న స్విచ్చు చూశాడు. ఆపి ఉంది.

"కరెంటు వోయిందా మేడం?"

"లేదు బాబూ, నేనే ఆపాను," అంది సుశీలమ్మ. "రోజూ వంటయ్యాక ఆపి, దీపాలప్పుడు మళ్లీ వేస్తాను. పాపం పక్కలు ముట్టుకుంటే ఒక్కోనాడు ఒళ్లు పేలిపోతున్నట్టు కాలిపోతుంటుంది. రాత్రంతా ఆడుతుంది కదా, మోటారుకు కాసేపు రెస్టు ఇవ్వకపోతే ఎలా? నీ వస్తువు నా దగ్గరుంది, పాడైపోతే మాటొస్తుందని నా భయం."

ఫ్రిజ్ పక్కలు వేడెక్కడం దాని పద్ధతి. లోపలి వేడి అటు నుంచే బయటికి పోతుంది. విశ్వనాథానికి ఆ సంగతి తెలుసు.  "నేను చెప్పానయ్యా, ఆపక్కర్లేదని. వినలేదు. ఈ ఇంట్లో స్విచ్చులు నా చేతిలో లేవు."

ఇదివరకటి మహిపాల్ అయితే అక్కడే, పర్వాలేదు మేడం అని వచ్చేసేవాడు. అనబోయాడు కూడా. కానీ మాట బదులు గొంతులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

"పంటి నొప్పి గాదు మేడం. మా అవ్వకు నోట్ల క్యాన్సర్. ఐసు పెడితెనే జర నిమ్మళముంటది. మధ్యాహ్నమే మస్తు మంట. ఇల్లు ఖాళీ జెయ్యమంటరని చెప్పలే. ఇప్పుడంటే ఇప్పుడు జేస్త, కానీ ఈ ఒక్కపూట జర ఐసు కావాలె మేడం."

సుశీలమ్మ ఫ్రిజ్‌ను పట్టుకుని నిలబడిపోయింది. పైనుంచి ఇన్నాళ్లూ మధ్యాహ్నాలు వినపడిన కాళ్ల చప్పుడు ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. స్విచ్చు వేసింది. ఏం లాభం? నీళ్లు గడ్డకట్టడానికి వాటి టైము వాటికి పడుతుంది. విశ్వనాథం చెప్పులేసుకుని పక్కిళ్లలో అడుగుతానంటూ బయల్దేరితే, బయటి ఐసు పనికిరాదని మహిపాలే ఆపాడు. ముగ్గురూ హాల్లో ఫ్రిజ్ ముందు కూర్చున్నారు. మహిపాల్ లేచి తలుపు తెరవబోతే, "తెరవకయ్యా, ఇంకా ఆలస్యమవుతుంది," అన్నాడు విశ్వనాథం. పైన కాళ్లు నేలకు రాస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఎవరికీ చేయగలిగింది ఏమీ లేదు.

ఇల్లు ఖాళీ చేయమని వాళ్లు అనలేదు. ఆ రాత్రే సుశీలమ్మ స్విచ్చు మీద ప్లాస్టరు ముక్క అంటించింది, మరిచిపోయి కూడా ఎవరూ ఆపకుండా. పెరుగు గిన్నెలు తీసేసింది. దుర్గాభవానిని పిలిచి, "కింది అరలో గుడ్లు పెట్టుకో అమ్మా, దేవుడు ఏమీ అనుకోడు," అంది. నీళ్లు తనే కాచి చల్లార్చి ట్రేలు నింపేది. మోకాళ్ల నొప్పులతో మెట్ల మలుపు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంటూ, రోజూ మధ్యాహ్నం మూత పెట్టిన గిన్నెతో ఐసు పట్టుకుని తనే పైకొచ్చేది. పగటి నిద్ర మానేసింది.

మొదట రెండు మూడు సార్లు సాలమ్మ ఆశగా నోరు తెరిచింది. తర్వాత దవాఖానాలో కరెంటు చివరికొచ్చేసరికి నోట్లో పుండ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నోరు పచ్చిమాంసంలా అయింది. ఒకరోజు ఐసుపలుకు పెట్టగానే ఆమె ఒళ్లంతా బిగుసుకుపోయింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. ఉమ్మేసి, వద్దని చేతులు జోడించింది. డాక్టరమ్మను అడిగితే, ఇక ఇప్పుడు వేడైనా చల్లనైనా ఒకటే మంట, గోరువెచ్చని నీళ్లే పట్టండి అంది.

"ఆమెకు చెప్పరాదయ్యా," అంది దుర్గాభవాని. "ముసలామె మోకాళ్లు పట్టుకొని ఎక్కుతుంది. ఇంక ఐసు వద్దని చెప్పు."

తల్లి కోసం రాత్రి డ్యూటీకి మారి మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటున్న మహిపాల్, చెప్పాలనే గుమ్మంలో నిలబడ్డాడు. సుశీలమ్మ గిన్నె చేతికిస్తూ, "నేను చేసిన పాపం నేనే కడుక్కోవాలి బాబూ," అంది. "నిమ్మళంగా ఉందంటోందా?"

"ఉందంటుంది మేడం," అన్నాడు మహిపాల్.

రోజూ గిన్నె తీసుకుని, ఆమె దిగాక తొట్టిలో ఒంపి, గిన్నె కడిగి ఇచ్చేవాడు. ఒకనాడు సుశీలమ్మ గిన్నె చేతికివ్వలేదు. "ఒక్కసారి నా కళ్లారా చూసి పోతాను," అంటూ లోపలికొచ్చి చాప పక్కన కూర్చుంది. మహిపాల్ ఆ గిన్నె వైపే చూస్తున్నాడు.  సాలమ్మ కొడుకు మొహం చూసింది, ఇంటావిడ చేతిలో గిన్నె చూసింది. మెల్లగా లేచి కూర్చుని, కొంగు సర్దుకుని, తన చేత్తోనే ఒక ఐసుముక్క తీసి నోట్లో పెట్టుకుంది. పెదాలు మూసింది. సుశీలమ్మ వైపు చూసి తలూపి, నవ్వింది.

సుశీలమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. "రేపు ఇంకాస్త ఎక్కువ తెస్తాను వదినా," అని లేచింది.

ఆమె మెట్లు దిగి, కింద తలుపు వేసుకున్న చప్పుడు అయ్యేదాకా సాలమ్మ అలాగే నవ్వుతూ కూర్చుంది. అప్పుడు నోరు తెరిచింది. మహిపాల్ వంగి దోసిలి పట్టాడు.